పూజలో పెట్టిన లాప్‌టాప్

ఉద్యోగం మానేసిన మగవాడికి సలహాలివ్వడం తప్ప వేరే పనుండదని మా ఆవిడ అంటుంది. నిజమే కాబట్టి ముందే ఒక సలహా పారేసి తర్వాత కథలోకి వస్తాను. ఒకే లాప్‌టాప్‌లో విండోసూ లినక్సూ రెండూ పెట్టుకున్న పిల్లలారా, ఒకటి కునుకు తీస్తుండగా రెండోదాన్ని లేపి, ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న డిస్కులో సామాను కదపకండి. తొందరున్నవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుని వెళ్లిపోవచ్చు. తీరికున్నవాళ్లు కూర్చోండి.

ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో టాలట్ వైపు ఒక కాలేజీలో కంప్యూటర్లు బాగుచేసే గదిలో నేను చాలా ఏళ్లు పనిచేశాను. గది అని మర్యాదకి అంటున్నాను. మెట్ల కింద మిగిలిన జాగాకి ఒక తలుపు బిగించి మాకిచ్చారు. కిటికీ లేదు. బయట వాన పడుతోందో లేదో లోపలికొచ్చే పిల్లల జుట్టు చూసి తెలుసుకునేవాళ్లం. పడుతూనే ఉండేదనుకోండి.

నా పక్క కుర్చీలో కిల్కెన్నీ నుంచి వచ్చిన ఒకాయన. వయసులో నాకంటే చిన్న, పెద్దరికంలో నాకంటే చాలా పెద్ద. విండోస్ ఆయన రాజ్యం, లినక్స్ నాది. హర్లింగ్ అని కర్రలతో ఆడే ఆట ఒకటుంది ఈ దేశంలో. ఆ ఆటలో వాళ్ల కిల్కెన్నీ ఓడిపోయిన మర్నాడు కాలేజీలో ఎవరి కంప్యూటరూ బాగుపడేది కాదు. మీ విండోస్ ఇట్లా ఏడిచిందని నేను, మీ లినక్స్ అట్లా ఏడిచిందని ఆయన, ఎవరి పిల్లల్ని వాళ్లు వెనకేసుకొచ్చే తోడికోడళ్లలా రోజూ పోట్లాడుకునేవాళ్లం. టీ మాత్రం ఒకే కెటిల్‌లోది. కెటిల్ ఆయనది, టీపొడి నాది. ఆ ఏర్పాటు చివరిదాకా మారలేదు.

మా తలుపు మీద ఆయన స్వహస్తాలతో రాసి అతికించిన కాగితం ఒకటుండేది. సొంత లాప్‌టాప్‌లు ఇక్కడ చూడము అని. కాలేజీ సామాను తప్ప వేరేది ముట్టుకుంటే ఇక అంతే, ఊళ్లోవాళ్ల ఫోన్లన్నీ మన బల్ల మీదికొస్తాయని ఆయన భయం. ఆ కాగితం ముందు నిలబడి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లని కూడా ఆయన వెనక్కి పంపడం నేను చూశాను.

అలాంటి గదిలోకి ఒక అక్టోబరు రోజున ఒక కుర్రాడు లాప్‌టాప్ పొట్టకి హత్తుకుని వచ్చాడు. పై అంతస్తు ల్యాబ్‌లో పనిచేసేవాడు. లువాస్ స్టాపులో, అంటే మా ట్రామ్ ఆగే చోట, చాలాసార్లు తలలు ఊపుకున్నాం గానీ మాట్లాడుకోలేదు. వస్తూనే "అంకుల్" అన్నాడు. ఆఫీసులో నన్ను అంకుల్ అన్నవాడు అతనొక్కడే. మొదట ఒళ్లు మండింది. మొహం చూశాక ఆ మంట చల్లారిపోయింది. నాలుగు రోజుల జ్వరంలోంచి లేచొచ్చినట్టున్నాడు.

బల్ల మీద పెట్టిన లాప్‌టాప్ మూత మీద పసుపు, నడిమధ్యన కుంకుమ బొట్టు.

మా కిల్కెన్నీ ఆయన వంగి చూశాడు. "దీనికి దెబ్బేమైనా తగిలిందా?" అన్నాడు.

"దెబ్బ కాదు, బొట్టు" అన్నాను.

"ఎవరికి?"

"లాప్‌టాప్‌కి. ఏడాదికోసారి పనిముట్లకి పూజ చేస్తాం. ఆ రోజు వాటికి సెలవు."

ఆయన ఆ బొట్టుని ఇంకోసారి చూశాడు. "మా అమ్మ ట్రాక్టర్ మీద ఫాదర్ గారి చేత పవిత్రజలం చల్లించేది. అయితే సరే" అన్నాడు. అనేసి చేత్తో తలుపు మీది కాగితం చూపించాడు. బొట్టు పెట్టినా సొంత లాప్‌టాప్ సొంత లాప్‌టాపే కదా.

"ముందు ఏమైందో విననీ" అన్నాను.

కుర్రాడిది వరంగల్ పక్క. అతని మాటల్లోనే చెబుతాను. "ఇంట్ల ఒక్కటే లాప్‌టాప్ అంకుల్. మా ఆమెది విండోస్, నాది లినక్స్. నడుమ ఒక డిస్కు ఉంటది, అది ఇద్దరిది. ఆమె డ్యూటీ పట్టికలు, ఫోటోలు, పాప కాయితాలు అన్నీ అండ్లనే ఉంటయి." భార్య దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రిలో నర్సు. ఆమె ఇంట్లో ఉంటే ఇతను పనిలో, ఇతను ఇంట్లో ఉంటే ఆమె డ్యూటీలో. వాళ్లిద్దరూ కలిసి కూర్చునే చోటు సోఫా కంటే ఆ డిస్కే ఎక్కువట.

"మహర్నవమి నాడు ఆయుధపూజ చేసింది. కత్తిపీట, కారు తాళాలు, ఆమె స్టెతస్కోపు, పాప స్కూలు బ్యాగు, లాప్‌టాప్, అన్నీ పెట్టింది. దసరా తెల్లారేదాకా ఎవ్వరు ముట్టద్దన్నది."

"మంచిదే కదా. నువ్వేం చేశావ్?"

"తెల్లారి ఒకాయన ఇండియా పోతుండె అంకుల్. మా పాత ఫోన్ ఆయనతోటి మా చెల్లెకు పంపాలె. ఫోన్ల ఉన్నయన్నీ లాప్‌టాప్‌ల వేసుకొని, దాన్ని ఖాళీ చెయ్యాలె. అందుకని..." అతను నేల చూపులు చూశాడు. "నువ్వు పూజ చేసింది నీ విండోస్‌కు, నా లినక్స్‌కు కాదని ఆమెతోటి అన్న."

ఎంత ఆపుకున్నా నవ్వొచ్చింది నాకు. ఒక్కపొద్దు పేరు చెప్పి నాలుగు పెసరట్లు తినే జాతి మనది. దేవుడికి దొరక్కుండా ఒక సందు వెతుక్కోకపోతే మనకి తోచదు. "ఆమె ఏమంది?" అని అడిగాను.

"నవ్వింది అంకుల్. ముట్టేటప్పుడు దండం పెట్టుకో అన్నది."

దండం పెట్టుకునే ముట్టాడట. ఇక్కడ కాస్త పనిసంగతి చెప్పక తప్పదు, ఓపిక పట్టండి. విండోస్‌ని మూసేస్తే మూసుకుందని మనం అనుకుంటాం. అది పూర్తిగా మూసుకోదు. పొద్దున్నే తొందరగా లేవడం కోసం, ఏ డిస్కులో ఏ వస్తువు ఎక్కడుందో మనసులో పెట్టుకుని కునుకు తీస్తుంది. ఆ సమయంలో లినక్స్ లేచి ఉమ్మడి డిస్కు తెరిస్తే, 'దీని లెక్క విండోస్ మనసులో ఉంది, చూడటానికైతే చూడు, కొత్తగా ఏమీ పెట్టకు' అంటుంది. మర్యాదగానే అంటుంది. మనవాడు వినలేదు. ఇంటర్నెట్‌లో ఎవరో మహానుభావుడు రాసిపెట్టిన ఒక కమాండ్ కొట్టి, బలవంతంగా తలుపు తెరిపించి, ఫోన్‌లోవన్నీ అందులో సర్దాడు. ఫోన్ తుడిచి ఇచ్చేశాడు. మర్నాడు దసరా. ఆమె స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, దండం పెట్టుకుని విండోస్‌ని లేపింది. అది లేచి తన మనసులో ఉన్న పాత లెక్కే నిజమనుకుంది. కొత్తగా వచ్చిన సామాను సంగతి దానికెలా తెలుస్తుంది? తన లెక్కనే డిస్కు మీద రాసేసింది. రాశాక తేడాలొచ్చాయని తనే సరిదిద్దడం మొదలుపెట్టింది. అది సరిదిద్దితే ఇక చెప్పేదేముంది, కొత్తవన్నీ గల్లంతు.

"క్లౌడ్‌లో ఏమైనా ఉందా?" అన్నాను.

"మా ఇంట్ల మాటలు వేరేటోళ్ల కంప్యూటర్ల ఎందుకని పెట్టలే అంకుల్."

నేనూ ఆ మాటే అనేవాణ్ని. లినక్స్ వాడేవాళ్లందరికీ ఉండే తెగులే అది. "సరే, ఏమున్నాయి అందులో? ఫోటోలా?"

"మా పాప మాటలు" అన్నాడు.

మీకు ఆ కోవిడ్ రోజులు గుర్తుండే ఉంటాయి. అప్పుడు వాళ్ల పాపకి మూడేళ్లు. పుట్టినప్పటినుంచీ ఊపిరితిత్తులు బలహీనం, చిన్న జలుబు చేసినా జీపీ అనే పేట డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. తల్లి చూస్తే ఆసుపత్రిలో రోగుల మధ్య. అందుకని డ్యూటీ నుంచి రాగానే ఆమె తిన్నగా చిన్నగదిలోకి వెళ్లి తలుపేసుకునేది. అన్నం తలుపు బయట పెట్టేవాళ్లు. వారాల తరబడి అదే కాపురం. పిల్ల ఆ తలుపు దగ్గర చాప వేసుకుని కూర్చుని లోపలున్న అమ్మతో మాట్లాడుతూ ఉండేది. వీడియో తీద్దామంటే ఫోన్ లాక్కునేదట. అందుకని తండ్రి ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని ఉత్త మాటలే రికార్డు చేశాడు.

"లోపల ఆమె అలసిపోయి పడుకునేది అంకుల్. పాప సగం మాటలు ఆమె వినలే. తర్వాత ఎప్పుడన్న వింటదని నేను తీసి పెట్టిన."

"విందా?"

"అన్నీ వినలే. దాసుకున్నది. డ్యూటీల ఎవరన్న పేషెంటు పోతే, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని ఒక్కటంటే ఒక్కటే పెట్టుకొని వింటది. తొందరగ అయిపోతయని." లాప్‌టాప్‌ని కాస్త తన వైపుకి జరుపుకున్నాడు. "ఇప్పుడు పాపకు ఏడేండ్లు. తెలుగు మొత్తం సమజైతది. నోటి నుంచి మాత్రం ఒక్క ముక్క రాదు. ఏమడిగినా గీ ఐరిష్ ఇంగ్లీషులనే చెప్తది. మా ఇంట్ల తెలుగు మాట్లాడిన పిల్ల గా ఫోన్లనే ఉండె అంకుల్."

భార్య తిట్టలేదట. తిడితే బాగుండేదన్నాడు. దసరా నుంచీ అతనితో మాట్లాడటం మానేసింది, అంతే.

ఇదంతా తెలుగులో సాగింది. మా కిల్కెన్నీ ఆయన ఒకసారి నన్నూ ఒకసారి అతన్నీ చూస్తూ కూర్చున్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, మళ్లీ మొదలుపెట్టి ఎలాగో ముగించాను. ఆయన లేచి వెళ్లి తలుపు మీది కాగితాన్ని పీకి, రాత కనపడకుండా వెనక్కి తిప్పి మళ్లీ అతికించాడు. "భోజనం వేళలో మనం ఏం చేసుకుంటామో కాలేజీకి అనవసరం" అన్నాడు. ఆ తర్వాత కుర్రాడి వైపు తిరిగి ఆయన గద్దించింది ఒక్క విషయానికే. "ఇక దాన్ని ఆన్ చెయ్యకు. నీ దేవుడి మీద ఒట్టు పెట్టు."

అన్నేళ్లలో ఒకే యంత్రం మీద మేమిద్దరం కలిసి కూర్చోవడం అదే మొదలు. డిస్కు బయటికి తీసి, దానికి నకలు తీసి, ఆ నకలు మీద పని మొదలుపెట్టాం. విండోస్ ఎక్కడెక్కడ చెరిపి ఉంటుందో ఆయన ఊహిస్తే, అక్కడ ఏం మిగిలిందో నేను నా లినక్స్ పనిముట్లతో తవ్వాను. మొదట తవ్విన చోట ఇంటి లీజు కాగితాలు, బిర్యానీ ఫోటోలు దొరికాయి. నేను నీరుగారిపోయాను. "పేర్లు వెతక్కు, శబ్దం వెతుకు. పేరు పోయినా శబ్దం పోదు" అన్నాడాయన. విండోస్ మనిషి నోటినుంచి అంత మంచి మాట వస్తుందని అనుకోలేదని నేనూ అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆయన చెప్పింది నిజమైంది. శబ్దాలు దొరికాయి. కానీ వాటికి పేర్లు లేవు, తేదీలు లేవు, ఒక వరస లేదు. కొన్ని మధ్యలో తెగిపోయాయి, కొన్ని ఉత్త గరగర. పాప మాటలేవో, వాట్సాప్‌లో ఎవరో పంపిన పండగ శుభాకాంక్షలేవో విని తేల్చుకోవాల్సిందే. వింటే తెలుగు తెలిసినవాడే వినాలి. అంటే నేను.

అలా ఆ పదిపన్నెండు రోజులు మధ్యాహ్నం శాండ్‌విచ్ ఒక చేత్తో పట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ముక్కూ మొహం తెలియని పిల్ల మాటలు విన్నాను.

"అమ్మా, నాన దోసె మాడగొట్టిండు. నేను సెప్పలే. నువ్వే వాసన సూడు."

"అమ్మా, తలుపు కిందికెల్లి బొమ్మ పంపిస్తున్న. సెయ్యి పెట్టు. గట్ల కాదు, ఇంకొంచెం ఇటు."

"అమ్మా, వాన ఒచ్చింది. నీ దిక్కు ఒచ్చిందా?"

ఎంత బావుండేవో ఆ మాటలు! మాది గుంటూరు వైపు. ఆ యాసకీ మా యాసకీ పొత్తు లేదు. అయినా వింటుంటే మా కూతురు గుర్తొచ్చేది. అది మేముండే లూకన్‌లో పెరిగింది. బడిలో వేసిన మొదటి చలికాలంలోనే దాని నోట్లోంచి తెలుగు వెళ్లిపోయింది. ఏ రోజు వెళ్లిందో మాకు తెలియదు. పళ్లూడితే దాచుకుంటాం, జుట్టు తీయిస్తే ఫోటో తీస్తాం, భాష పోయేటప్పుడు మాత్రం చప్పుడు చెయ్యకుండా పోతుంది. అప్పట్లో ఫోన్‌లో ఇన్ని సదుపాయాలు లేవు, మా దగ్గర దాని మాట ఒక్కటీ లేదు. ఇప్పుడది కిల్కెన్నీ ఆసుపత్రిలో ఫార్మసిస్టు. వారానికోసారి ఫోన్ చేస్తుంది. నేను తెలుగులో అడుగుతాను, అది ఇంగ్లీషులో చెబుతుంది. ప్రేమకి లోటు లేదు, ఆ మాట నిజం. అయినా దాని చిన్నప్పటి గొంతు మళ్లీ వినాలని ఉంటుంది. మరీ కొన్ని రోజులు ఆగలేనంత ఉంటుంది.

నా మొహం చూసి కిల్కెన్నీ ఆయన "ఏమంటోంది?" అని అడిగేవాడు. చెప్పేవాణ్ని. 'వాన నీ వైపు కూడా వచ్చిందా' అన్నది ఆయనకి తెగ నచ్చింది. ఒకరోజు టీ కలుపుతూ అన్నాడు. "బడిలో ఉన్నన్నేళ్లూ నాకు ఐరిష్ నేర్పారు. మా తాతల భాష. ఇప్పుడు నాకొచ్చిందల్లా టాయిలెట్‌కి వెళ్లొచ్చా టీచర్ అని అడగడం. అది మాత్రం తప్పులేకుండా అడుగుతాను." అడిగి వినిపించాడు కూడా. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చెవికి మాత్రం కమ్మగా ఉంది. వెళ్లు నాయనా అన్నాను.

చివరికొచ్చేసరికి ఒక రికార్డింగు నన్ను ఇబ్బందిలో పెట్టింది. పూర్తిగా ఉంది, ఎక్కడా తెగలేదు. కానీ అది తల్లి విననిదని వినగానే తెలిసిపోయింది. ఇవ్వాలా వద్దా? పొరపాటున పోయిందనుకుంటే ఎవరికీ తెలియదు. ఆమెకి ఒక బాధ తప్పుతుంది. కిల్కెన్నీ ఆయన్ని అడిగాను, మాటలన్నీ ఇంగ్లీషు చేసి చెప్పి మరీ అడిగాను. ఆయన కప్పు కింద పెట్టాడు. "అది ఆమెది. దాచడానికి నువ్వెవరు?" అన్నాడు. అంతే. ఆయనతో వాదించి గెలిచినవాడు కిల్కెన్నీలోనే లేడట.

పిల్లలు వేషాలేసుకునే హాలోవీన్ పండగ సెలవుల్లో రమ్మన్నాం. బడి లేదు కాబట్టి పాపని కూడా వెంటబెట్టుకుని వచ్చారు. తల్లి పొద్దుటి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, యూనిఫాం మీద కోటు. పాప తలకి పిల్లి చెవులు. కిల్కెన్నీ ఆయన సొరుగులోంచి చాక్లెట్ తీసి ఇస్తే "థ్యాంక్స్ ఎ మిలియన్" అంది, అచ్చం ఆయన యాసలోనే. నిజం చెబుతున్నాను, హెడ్‌ఫోన్లలో విన్న గొంతు ఈ గొంతేనని నమ్మడానికి నాకు కాసేపు పట్టింది.

"సగం పైనే పోయాయమ్మా. దొరికినవాటికి పేర్లు లేవు" అన్నాను ముందే.

"దొరికినయే సాలు అంకుల్" అంది తల్లి. భర్త ఉన్న వైపుకి తల తిప్పలేదు. అతను తలుపు పక్కన గోడకి ఆనుకుని, బడిలో శిక్షపడ్డవాడిలా నిలబడ్డాడు.

చిన్న స్పీకరు పెట్టి ఒక్కొక్కటే వినిపించాం. దోసె మాడిన సంగతి వచ్చినప్పుడు ఆమె పెదవులు కదిలాయి. బొమ్మ పంపిన సంగతి వచ్చినప్పుడు "ఏనుగు బొమ్మ" అంది తనలో తను. పాప కుర్చీలో గిరగిరా తిరుగుతోంది. విననట్టే ఉంది. పిల్లలు ఎప్పుడూ విననట్టే ఉంటారు.

"ఇంకొకటి ఉందమ్మా. ఇది నువ్వు విన్నావో లేదో" అన్నాను. నొక్కాను.

ముందు తలుపు మీద చిన్న చిన్న దెబ్బలు. తర్వాత ఆ గొంతు.

"అమ్మా. అమ్మా. తలుపు తియ్యవే. నేను నీ దిక్కు సూడ. కండ్లు మూసుకుంట. గట్టిగ మూసుకుంట." కాస్త ఆగింది. "మూసుకున్న. నువ్వే నన్ను సూడు." మళ్లీ ఆగింది. లోపలినుంచి ఏ చప్పుడూ లేదు. "సూసినవా?" మళ్లీ చప్పుడు లేదు. "సూసినవా అమ్మా?" ఆ తర్వాత తండ్రి గొంతు, మెల్లగా, "అమ్మ పడుకుంది బిడ్డా, దా."

అయిపోయింది. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కన్నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. అతను గోడ దగ్గర అలాగే ఉన్నాడు. కిల్కెన్నీ ఆయనకి భాష రాదు, అయినా తల వంచుకున్నాడు.

కుర్చీ తిరగడం ఆగింది. "ఈజ్ దట్ మీ?" అంది పాప.

తండ్రి తలూపాడు.

పాప తల్లి వైపు చూసింది. "డిడ్ యూ ఓపెన్ ఇట్, మామ్?"

"లే బిడ్డా" అంది తల్లి. "నిద్రపోయిన. నాకు ఇనపడలే."

పాప కాసేపు ఆలోచించింది. ఆ వయసులో ఆలోచిస్తే మొహమంతా ఆలోచిస్తుంది. తర్వాత కుర్చీ దిగింది, తల్లి ముందుకి వచ్చి నిలబడింది, పిల్లి చెవులు తీసి పక్కన పెట్టింది. కళ్లు గట్టిగా మూసుకుని మొహం పైకెత్తింది.

"గో ఆన్, మామ్. లుక్" అంది.

తల్లి చూసింది. ఎంతసేపు చూసిందో నేను చెప్పలేను, నేను చూడలేకపోయాను. చివరికి పాపే, కళ్లు తెరవకుండానే, "గ్రాండ్?" అని అడిగింది, సరేనా అని ఈ ఊరి ఇంగ్లీషులో.

"ఆఁ బిడ్డా. సూసిన" అంది తల్లి.

అన్ని రోజులుగా ఆ పిల్ల తెలుగు పోయిందని మేమంతా ఏడ్చాం. ఇంగ్లీషులో అడిగితేనేం, అడగాల్సింది అడిగింది, ఇవ్వాల్సింది ఇచ్చింది. ఈ ముక్క మీకు చెప్పడానికే ఇంత రాశాను. అయినా నాకు తెలుగులో ఆ "సూసినవా" కూడా కావాలి. రెండూ కావాలి. ముసలివాళ్ల ఆశకి అంతు ఉండదు.

ఆమె లేచి కోటు సర్దుకుంది. తలుపు దగ్గర ఆగి భర్తతో దసరా తర్వాత మొదటి మాట మాట్లాడింది. "కారు తాళం ఏడ పెట్టినవ్?"

వరం దొరికినట్టు అతను జేబులన్నీ తడుముకున్నాడు. తాళం అతని చేతిలోనే ఉంది.

వాళ్లు వెళ్లాక ఇంకొక పని మిగిలింది. ఎవరి సామాను బాగుచేసినా, పని అయ్యాక మన దగ్గర మిగిలిన నకలు చెరిపెయ్యాలి. మా వృత్తిలో అది నియమం, మంచి నియమం. పరాయివాళ్ల ఇంటి మాటలు మన దగ్గర ఉండకూడదు. ఆ నకలున్న డిస్కు నా ముందే ఉంది. చెరిపే కమాండ్ కొట్టి, చివరి మీట నొక్కకుండా కూర్చున్నాను.

కిల్కెన్నీ ఆయన లేచాడు. "టీ తెచ్చుకొస్తా. కాస్త ఆలస్యమవుతుంది" అన్నాడు. కెటిల్ గదిలోనే ఉంది. నీళ్లు వేడిగానే ఉన్నాయి. తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. వాన సంగతి ఒక్కటి విన్నాను. నీ దిక్కు ఒచ్చిందా అన్నది. విని, మీట నొక్కాను.

ఆ తర్వాత కొన్నాళ్లకి ఇద్దరం ఒకేసారి ఉద్యోగం మానేశాం. ఆయన కిల్కెన్నీ వెళ్లిపోయాడు. వాళ్ల జట్టు ఓడినప్పుడు మాత్రం ఫోన్ చేస్తాడు, తిట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కదా. గెలిస్తే నేనే చేస్తాను. ఇంట్లో టీ ఎంత బాగా కుదిరినా ఆ మెట్ల కింద గదిలో టీలా ఉండదు. మెట్ల మీద పిల్లల అడుగుల చప్పుడు నెత్తిన పడుతుండగా ఆయనతో గొడవపడుతూ తాగిన టీ అది. ఆ గది ఇప్పుడు చీపుర్లు పెట్టుకోవడానికి వాడుతున్నారట.

నకలు చెరిపిన ఆ సాయంత్రం లూకన్ చేరేసరికి ఆలస్యమైంది. మా ఆవిడ నా మొహం చూసి ఏమైందని అడిగింది. అంతా చెప్పాను. తలుపు, దోసె, వాన, కళ్లు మూసుకోవడం. మన దగ్గర మన పిల్ల మాట ఒక్కటీ లేదే అన్నాను.

ఆవిడ కూర తరుగుతోంది. కత్తి ఆపలేదు, తలెత్తలేదు. "నాన్నా, బచ్చుకి చెప్పవా, నేనూ వత్తానని" అంది.

ఆ గొంతు మా ఆవిడది కాదు. పొద్దున్నే నేను బయల్దేరుతుంటే గుమ్మంలో నా ప్యాంటు పట్టుకుని వేలాడిన నాలుగేళ్ల పిల్లది. అదే ముద్ద మాట, అదే చివర్న సాగదీయడం. బస్సుకి చెప్పమని రోజూ అడిగేది. నేను మర్చిపోయాను. ఆవిడ దగ్గర అలాగే ఉంది, చెక్కుచెదరకుండా.

"మళ్లీ అను" అన్నాను.

"పొయ్యి మీద నూనె కాగుతోంది, మాటలాడించకండి" అంది.

అప్పటినుంచీ అడుగుతూనే ఉన్నాను. అడిగినప్పుడల్లా అనదు. ఆవిడకి బుద్ధి పుట్టినప్పుడు, నేను ఎదురుచూడనప్పుడు, ఎప్పుడో ఒకసారి అంటుంది. రికార్డు చేస్తానంటే ఊరుకోదు, ఫోన్ చేతిలో చూస్తే నోరు మూసుకుంటుంది. ఇవాళ పొద్దున కూడా అడిగాను. గిన్నెలు తోముకోనివ్వండి, తర్వాత చూద్దాం అంది.

గిన్నెల చప్పుడు ఇప్పుడే ఆగింది. ఫోన్ పక్క గదిలో పెట్టేసి వచ్చి వంటింటి గుమ్మం దగ్గర కూర్చున్నాను.